దత్తత ప్రయాణానికి ఎర్గోబేబీ ఆమ్ని 360 క్యారియర్: సామాను సర్దుకుంటున్న తల్లిదండ్రుల కోసం సమీక్ష

ఇంకా ఒక్కసారైనా ఎత్తుకోని బిడ్డ కోసం బట్టలూ మందులూ తిండీ సర్దవలసి రావడం దత్తత ప్రయాణంలో మొదటి కష్టం. బిడ్డ ఇప్పుడు ఎంత బరువుందో, ఏం తింటుందో, కొత్తవాళ్ల చేతుల్లోకి వస్తుందో రాదో తెలియదు. ప్రయాణం ఎండల్లో పడుతుందో, చలికాలంలో పడుతుందో నిర్ణయించుకోవడం కూడా మన చేతిలో ఉండదు. మేము టెక్సస్‌లో ఉంటాం. తెలంగాణలోని ఒక శిశుగృహ నుంచి రెండేళ్లు నిండిన పాపను దత్తత తీసుకుని, హైదరాబాదు, దిల్లీల మీదుగా ఇంటికి తెచ్చుకున్నాం. ఆ ప్రయాణం కోసం కొన్న వస్తువులన్నింటిలోకీ నేను గట్టిగా సిఫారసు చేయగలిగినది ఒకటే: బిడ్డను ఒంటికి కట్టుకుని ఎత్తుకునే గుడ్డ క్యారియర్. మేము వాడినది ఎర్గోబేబీ కంపెనీ ఆమ్ని 360. ఈ సమీక్ష ముఖ్యంగా దాని గురించే. మిగతా సామాను సంగతి అవసరమైనంత మేరకే చెబుతాను. పాప వివరాలు ఇంతకు మించి రాయను. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఇటువంటి పిల్లల గుర్తింపును బయటపెట్టకూడదని చెబుతుంది. చట్టం చెప్పకపోయినా అవి పాప సొంత విషయాలు, వాటిని చెప్పాలో వద్దో పెద్దయ్యాక తనే నిర్ణయించుకోవాలి.

ముందుగా వస్తువు గురించి. తయారీదారు లెక్క ప్రకారం ఇది 7 నుంచి 45 పౌన్ల వరకు, అంటే 3.2 నుంచి 20.4 కిలోల వరకు బరువున్న పిల్లలకు పనికివస్తుంది. బిడ్డ ముఖం మనవైపు ఉండేలా ఎదమీద, ముఖం బయటికి ఉండేలా ఎదమీద, చంకన, వీపున, ఇలా నాలుగు రకాలుగా ఎత్తుకోవచ్చు. నడుముకు వెడల్పాటి బెల్టు, వెన్ను కింది భాగానికి ఆసరాగా ఒక మెత్త, భుజాలకు దళసరి పట్టీలు, తలమీద ఎండ పడకుండా కప్పే గుడ్డ ఉంటాయి. భుజం పట్టీలను వీపు మీద ఒకదానినొకటి దాటించి కూడా కట్టుకోవచ్చు కాబట్టి బరువు ఒక్క భుజం మీదే పడదు. ఇందులో గాలి ఆడే వలలాంటి గుడ్డతో చేసిన రకం కూడా ఉంది. భారతదేశానికి వెళ్లేవాళ్లు ఆ రకమే కొనాలని నా అభిప్రాయం. ధర తక్కువేమీ కాదు, మేము కొన్నప్పుడు అమెరికాలో నూట యాభై డాలర్లు దాటింది. అయినా దత్తత ఖర్చుల మధ్య ఎక్కడ తగ్గించుకుందామా అని చూసే దంపతులకు కూడా దీని దగ్గర తగ్గించుకోవద్దనే చెబుతాను.

కొనేటప్పుడు చూడవలసింది బిడ్డ వయసు కాదు, బరువు. దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా ద్వారా మనకు అందే వైద్య పరీక్షల నివేదికలో బరువు, ఎత్తు, తల చుట్టుకొలత రాసి ఉంటాయి. అయితే ఆ నివేదిక మీద మనం సంతకం పెట్టిన నాటి నుంచి బిడ్డ చేతికి వచ్చే నాటి వరకు నెలలు గడుస్తాయి. కారా నిరభ్యంతర పత్రం, జిల్లా కలెక్టరు దత్తత ఉత్తర్వు, దేశాల మధ్య జరిగే దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందం 23వ అధికరణం కింద కారా ఇచ్చే ధ్రువపత్రం, బిడ్డ పేర పాస్‌పోర్టు, ఇవన్నీ రావాలి. అమెరికా వైపు కాగితాలు వాటితో పాటు నడవాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వును కోర్టుకు బదులు కలెక్టరే ఇస్తున్నారు, కానీ ఎదురుచూడడం మాత్రం తప్పదు. ఈలోగా బిడ్డ పెరగవచ్చు, జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గనూ వచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం రెండేళ్ల ఆడపిల్ల మధ్యస్థ బరువు 11.5 కిలోలు, 9 కిలోల కన్నా తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. మా పాప మా చేతికి వచ్చేనాటికి తొమ్మిదిన్నర కిలోలు. అమెరికాలో పుట్టి పెరిగిన రెండేళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన వస్తువులు కొన్ని ఇంత తక్కువ బరువున్న బిడ్డకు పనికిరావు. ఉదాహరణకు విమానం సీటుకు బిగించే కేర్స్ పట్టీ మంచి వస్తువే. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆమోదం ఉంది, మడిస్తే గుప్పెడంత అవుతుంది. కానీ అది 22 నుంచి 44 పౌన్ల మధ్య, అంటే సుమారు 10 నుంచి 20 కిలోల మధ్య ఉన్న పిల్లలకే. పదికి చేరని బిడ్డకు దాన్ని కొని పెట్టెలో పెట్టుకున్నా వాడే వీలుండదు. 3.2 కిలోల నుంచి మొదలయ్యే క్యారియర్‌తో ఆ బెంగ లేదు. బిడ్డ ఎంత బరువుతో చేతికొచ్చినా సరిపోతుంది.

మడిచే స్ట్రోలర్ సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. మన ఊళ్ల కాలిబాటల మీద అది సాగదు. అంతకన్నా ముఖ్యంగా, కొత్త మనుషుల మధ్యకు వచ్చిపడిన బిడ్డకు మొదటి వారాల్లో ఒంటి మీద చెయ్యి కావాలి. స్ట్రోలర్‌లో ఆ చెయ్యి ఉండదు.

క్యారియర్ నిజమైన విలువ నాకు శిశుగృహలోనే తెలిసింది. అమెరికాలో దత్తతకు ముందు ఇచ్చే శిక్షణలో బిడ్డను ఎదమీద, ముఖం తల్లివైపు ఉండేలా కట్టుకోవాలని, అలా ఉంటే కళ్లలో కళ్లు కలుస్తాయని చెబుతారు. చెప్పిన మాటలో తప్పు లేదు. కానీ మా పాపను అలా కట్టుకోబోతే వెన్ను విల్లులా వంచేసి, రెండు అరచేతులూ నా ఎదమీద పెట్టి, బలమంతా పెట్టి నెట్టింది. అక్కడి ఆయమ్మ కాసేపు చూసి, దగ్గరకు వచ్చి, "అట్ల కాదమ్మా, ఆమెకు చంకన అలవాటు. చంకనేసుకో, ఊరుకుంటది" అంది. ఆ మాటలో అన్నీ ఉన్నాయి. ఒక్కో ఆయమ్మ చేతి కింద చాలామంది పిల్లలుండే చోట, ఒకరిని చంకన వేసుకుని ఇంకొకరికి అన్నం పెట్టడం, నీళ్లు పోయడం రోజూ జరిగేదే. ఈ పిల్లలకు ఎత్తుకోవడమంటే చంకన ఎత్తుకోవడమే. పట్టీలు మార్చి చంక మీదికి తిప్పుకున్నాను. పాప ఏడుపు వెంటనే ఆగిందని చెప్పను, కానీ నెట్టడం ఆగింది. కాసేపటికి నా భుజం పట్టీ చివర వేలాడే సన్నటి తాడును వేళ్లకు చుట్టుకోవడం మొదలుపెట్టింది. చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. శిశుగృహ గేటు దాటేవరకు చేతులు ఆ తాడు మీదే ఉన్నాయి.

అందుకే చంకన ఎత్తుకునే వీలు లేని క్యారియర్‌ను భారతదేశం నుంచి బిడ్డను తెచ్చుకునేవాళ్లు కొనకూడదని గట్టిగా అంటున్నాను. ఎదమీద మాత్రమే కట్టుకునే చవక రకాలు బోలెడు దొరుకుతాయి. నెలల పసికందుకు అవి సరిపోవచ్చు. నడక వచ్చి, ఎత్తుకోవడం గురించి అప్పటికే ఒక అలవాటు ఏర్పడిన బిడ్డకు మాత్రం ఆ అలవాటుకు దగ్గరగా ఉండే వస్తువు కావాలి. ఆమ్నిలో చంకకు మార్చుకోవడానికి పట్టీలు, బెల్టు పక్కకు జరుపుకోవాలి, బకిల్స్ వేరే విధంగా పెట్టుకోవాలి. మొదటిసారి చేసేటప్పుడు ఇంకొకరి సాయం ఉంటే మంచిది. కాబట్టి ప్రయాణానికి ముందే ఇంట్లో ఐదు కిలోల బియ్యం సంచి కట్టుకుని నాలుగు రకాలూ సాధన చేయాలి, అదీ భార్యాభర్తలిద్దరూ. బిడ్డ ఏడుస్తుండగా సూచనల కాగితం తిరగేసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇంకొక మేలు కూడా ఉంది. తెలుగు కుటుంబాలకు దీని అవసరం బాగా అర్థమవుతుంది. దత్తత వచ్చిన బిడ్డకు మొదటి వారాల్లో అన్నం పెట్టడం, ఎత్తుకోవడం, నిద్రపుచ్చడం అమ్మానాన్నలే చేయాలని, తన మనుషులెవరో బిడ్డకు అర్థమయ్యే వరకు పది చేతులు మార్చవద్దని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెబుతారు. హైదరాబాదులో అమ్మమ్మలూ పిన్నులూ బాబాయిలూ ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన బిడ్డ గుమ్మంలోకి వస్తే "ఏదీ, ఇటివ్వమ్మా" అని చేతులు చాచడం సహజం. వాళ్లది ప్రేమే. ఇవ్వనని చెబితే నొచ్చుకుంటారు; ఇస్తే మళ్లీ ఇంకో కొత్త చేయి. క్యారియర్‌లో కట్టుకుని ఉన్న బిడ్డను అడగడానికి పెద్దవాళ్లు కూడా కాస్త ఆగుతారు. "ఇప్పుడే పడుకుందత్తయ్యా" అన్న ఒక్క మాటతో సరిపోతుంది. తల నిమిరి, దిష్టి తీసి సంతోషపడతారు. ఎవరి మనసూ నొప్పించకుండా బిడ్డకు కావలసింది ఇవ్వగలగడం ఆ ఇంట్లో నాకు చాలా పెద్ద విషయంగా కనిపించింది.

ఎండ విషయంలో మాత్రం దీని గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. మేము వెళ్లింది వేసవిలో. వల గుడ్డ ఉన్నా రెండు ఒళ్లు ఆనుకున్న చోట చెమట పడుతుంది. బిడ్డ పొట్ట, నా ఎదమీది బట్ట తడిసిపోయేవి. ఇది ఈ రకం వస్తువులన్నింటికీ ఉన్న పరిమితి. మధ్య మధ్య విప్పి ఆరనివ్వాలి, నీళ్లు తాగిస్తుండాలి, పలచటి నూలు గుడ్డ ఒకటి మధ్యలో వేసుకోవాలి. సల్వార్ కమీజు మీద బెల్టు చక్కగా కూర్చుంటుంది. చీర కట్టుకున్నప్పుడు కుచ్చిళ్ల దగ్గర ఇబ్బంది పెడుతుంది, పైట నలుగుతుంది. కలెక్టరు కార్యాలయానికి, శిశుగృహలో జరిపే చిన్న వీడ్కోలు వేడుకకు చీర కట్టుకోవాలనుకునేవాళ్లు ఆ కాసేపు నాన్న కట్టుకునేలా చూసుకోవాలి. మనిషికీ మనిషికీ పట్టీల కొలత మారుతుంది కాబట్టి మా ఇద్దరి కొలతల దగ్గరా పట్టీల మీద వేర్వేరు రంగుల దారంతో గుర్తులు కుట్టాను. చిన్న పనే, కానీ చాలా ఉపయోగపడింది.

దిల్లీలో పని వేరుగా ఉంటుంది. వీసా కోసం ఎంబసీ గుర్తించిన వైద్యుల దగ్గర బిడ్డకు పరీక్షలు చేయించాలి. రెండేళ్లు నిండిన పిల్లలకు క్షయ నిర్ధారణ కోసం రక్తం తీసి చేసే ఇగ్రా పరీక్ష కూడా ఉంటుంది, దాని ఫలితం రావడానికి సమయం పడుతుంది. రక్తం తీసేటప్పుడు బిడ్డను క్యారియర్‌లోంచి తీయవలసిందే. తీసిన తర్వాత మళ్లీ కట్టుకుని వసారాలో అటూ ఇటూ నడుస్తూ జోకొట్టడం ఎంత ఆసరాగా ఉంటుందో అక్కడ ఉన్న తల్లులందరికీ తెలుసు. ఎంబసీలో పిలుపు వచ్చేవరకు కూర్చోవాలి. చేతులు రెండూ ఖాళీగా ఉండడం వల్ల కాగితాల సంచి సర్దుకోవడం, సంతకాలు పెట్టడం తేలికైంది. విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీ దగ్గర నిద్రపోతున్న బిడ్డను కూడా బయటికి తీసి, క్యారియర్‌ను ఎక్స్‌రే యంత్రంలోకి పంపవలసి ఉంటుంది. బిడ్డ లేచి ఏడుస్తుందని ముందే అనుకుని, ఆ వరసలోకి వెళ్లే ముందే అలవాటైన బొమ్మనో, బిస్కెట్టునో చేతికి అందేలా పెట్టుకోవాలి.

విమానంలో ఒక విషయం తెలిసి ఉండాలి. విమానం కదిలేటప్పుడు, ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు బిడ్డను గుడ్డ క్యారియర్‌లో ఉంచడానికి ఎఫ్‌ఏఏ నిబంధనలు ఒప్పుకోవు. రెండేళ్లు నిండిన బిడ్డకు సొంత సీటు, సీటు బెల్టు ఉండాలి. కాబట్టి క్యారియర్ ఉంది కదా అని టికెట్టు విషయంలో ధీమాగా ఉండకూడదు. అది పనికివచ్చేది మధ్య గంటల్లో. దీపాలు తగ్గించిన తర్వాత బిడ్డను కట్టుకుని, వంటగది దగ్గర ఖాళీ చోటులో నిలబడి మెల్లగా ఊపితే నిద్రపోతుంది. మా పాప పొడవాటి ప్రయాణంలో పడుకున్నదంతా అలాగే. అలాగే క్యారియర్‌ను కారులో సీటు బెల్టుకు బదులుగా ఎన్నడూ వాడవద్దు. అమెరికాలో దిగేసరికి కారు సీటు తప్పనిసరి. దాన్ని మోసుకుని వెళ్లే పని పెట్టుకోకుండా, తీసుకెళ్లడానికి విమానాశ్రయానికి వచ్చేవారి కారులోనే ముందుగా బిగించి ఉంచమని చెప్పడం మేలు.

ఇక పెట్టెలో క్యారియర్ పక్కన ఏముండాలన్నది. బట్టలు తక్కువ తీసుకెళ్లాలి, నివేదికలోని బరువును బట్టి ఒక కొలత చిన్నవి రెండు జతలు చాలు. మిగతావి బిడ్డను చూశాక హైదరాబాదు బజారులోనే కొనుక్కోవచ్చు, అవి అక్కడి వాతావరణానికి సరిపోతాయి కూడా. శిశుగృహలో బిడ్డ వేసుకున్న గౌను ఇస్తే దాన్ని వెంటనే ఉతకకుండా పక్కలో వేస్తే, తెలిసిన వాసన కాబట్టి బిడ్డ కుదురుగా పడుకుంటుంది. మందులు మన పిల్లల వైద్యుడు రాసిచ్చినవే పెట్టుకోవాలి: జ్వరానికి సిరప్, థర్మామీటరు, గజ్జి ఉంటే వాడడానికి పెర్మెత్రిన్ క్రీము, పేన్ల దువ్వెన. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇక్కడి నుంచి మోయనక్కర్లేదు, మన దేశంలో ప్రతి మందుల షాపులో దొరుకుతాయి. తిండి విషయంలో అమెరికా నుంచి పండ్ల గుజ్జు సంచులు తీసుకెళ్లడం వృథా. బిడ్డకు అలవాటైంది మెత్తటి పప్పన్నం, అంగన్వాడీల్లో ఇచ్చే బాలామృతం వంటి పిండి. ఏ పూట ఏం పెడతారో, ఎంత పలచగా కలుపుతారో, నిద్రపోయే ముందు ఏం చేస్తారో ఆయమ్మను అడిగి కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం పెట్టెలోని ఏ వస్తువు కన్నా ఎక్కువ. దత్తత ఉత్తర్వు, ధ్రువపత్రం, పాస్‌పోర్టు అసలు ప్రతులు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. ఎంబసీ సీలు వేసిన కవరు ఏదైనా ఇస్తే దాన్ని విప్పకుండా అమెరికాలో దిగినచోట అధికారికి ఇవ్వాలి.

క్యారియర్ బెల్టు దళసరిగా ఉంటుంది కాబట్టి మడిచినా చిన్న దిండంత చోటు ఆక్రమిస్తుంది. పెట్టెలో చోటు చాలదని బాధపడవద్దు. వెళ్లేటప్పుడు అందులో బిడ్డ బట్టలు చుట్టి పెడితే సరిపోతుంది, వచ్చేటప్పుడు అది ఎలాగూ మన ఒంటి మీదే ఉంటుంది. మెషిన్‌లో ఉతకవచ్చు. వేసవిలో వల గుడ్డ త్వరగా ఆరుతుంది, బెల్టు లోపలి మెత్త మాత్రం రాత్రంతా ఆరవలసి వస్తుంది. బిడ్డ నోటితో కొరికే భుజం పట్టీల మీద రెండు నూలు తొడుగులు వేసుకుంటే వాటిని రోజూ మార్చుకోవచ్చు, మొత్తం ఉతకనక్కర్లేదు.

ఇది అందరికీ కాదు. నాలుగైదేళ్లు దాటిన బిడ్డను తెచ్చుకునేవాళ్లు దీన్ని కొనవద్దు. ఆ వయసు పిల్లలు చెయ్యి పట్టుకుని నడవడానికి ఇష్టపడతారు, కట్టేస్తే తమను పసిపాపలా చూస్తున్నారని చిన్నబుచ్చుకుంటారు. వాళ్లకైతే ఆ డబ్బుతో వాళ్ల సొంతదని చెప్పగలిగే ఒక చిన్న వీపు సంచి, అందులో వాళ్లే ఎంచుకున్న బొమ్మలు, మన ఇంటి ఫొటోల పుస్తకం పెట్టడం మంచిది. విదేశాలకు దత్తత వెళ్లే పిల్లల్లో ప్రత్యేక అవసరాలున్నవారు చాలామంది ఉంటారు. తుంటి కీలు, వెన్నెముక, గుండె, మెడ బలం వంటి సమస్యలేవైనా నివేదికలో ఉంటే, ఆ కాగితాలు సంబంధిత వైద్యుడికి చూపించి, ఏ రకంగా ఎత్తుకోవచ్చో, ఎంతసేపు ఉంచవచ్చో అడిగి తెలుసుకున్న తర్వాతే కొనాలి. కొన్న తర్వాత కూడా చీటీలు తీసేయకుండా, తిరిగి ఇచ్చే గడువు ఎంతవరకుందో చూసుకుని, ప్రయాణం ఖరారైన వారంలో శిశుగృహ నుంచి బిడ్డ తాజా బరువు తెప్పించుకుని ఒకసారి సరిచూసుకోవాలి.